నడక చూచి కొనవలసిన బండి

పూర్వము మన ఇబ్రహీంపట్నం పరిసరముల రైతు ఎద్దును కొనదలచి అంగడికి పోయినప్పుడు, దాని పళ్లు లెక్కించి, సుడులు పరికించి, మూపురముపై అరచేయి వేసి నొక్కి చూచి, గిట్టల సందున వంగి చూచి, తుదకు దానిని అంగడి ఈ కొస నుండి ఆ కొసకు నడిపించి, ఆ నడక తన కంటికి నచ్చిన పిమ్మట మాత్రమే తువ్వాలు మాటున వ్రేళ్లు పట్టుకొని బేరము తేల్చుకొనెడివాడు. ఆ యెద్దు ఏ దొరగారి కొట్టము నుండి వచ్చినదో అతడు అడుగకపోలేదు. కాని ఆ దొరతనమునకై ప్రత్యేకముగా ఒక్క రూపాయి చెల్లించెడివాడు కాడు. కాడి మోయవలసినది ఎద్దే గాని దొర కాదని అతనికి తెలియును. ఆ రైతు మనుమడు నేడు అదే నేలను గజముల లెక్కన అమ్మి, నగరములోని అద్దాల షోరూములో అడుగుపెట్టి, బండి ముఖమున మెరయు చిహ్నమును చూచినంతనే, దానిని నడిపియైనను చూడక టోకెను చెల్లించి వచ్చుచున్నాడు. తాతకు ఉండిన విచక్షణ మనుమనికి ఎందులకు కొరవడినదను ప్రశ్న నన్ను చాలకాలముగా కలచుచున్నది.

గోలకొండ నేలిన ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పేరు మోయుచున్న ఈ ఊరు, శతాబ్దముల తరబడి తన పెద్దచెరువు నీటిని నమ్ముకొని బ్రతికినది. చెరువు నిండిన ఏడు వరి, నిండని ఏడు జొన్న, కంది. ఇంతకు మించిన భాగ్యమును గాని దౌర్భాగ్యమును గాని ఇక్కడి వారు ఎరుగరు. హైదరాబాదు చుట్టును 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు బొంగులూరు మీదుగా సాగిన నాటి నుండి ఆ లెక్క తారుమారైనది. ఆదిబట్లలో విమాన భాగముల కర్మాగారములు, సాఫ్ట్‌వేరు ప్రాంగణములు వెలసినవి. కొంగరకలానులో 2022వ సంవత్సరమున జిల్లా కలెక్టరేటు తెరువబడినది. వేరుశనగ పండిన చెలకలు వెంచరులై, వాటి నడుమ రంగురంగుల జెండాలు ఎగురుచున్నవి. ఒక తరమునకు ఒక్కమారే వచ్చు ధనము ఇట్లు వచ్చిన ఇండ్లలో, ఇల్లు కట్టుట, బిడ్డ పెండ్లి చేయుట ముగిసిన పిమ్మట, మూడవ మాటగా కారు మాట వచ్చుచుండును. “బాపూ, పెద్ద బండి తీస్తేనే నలుగురు మనల్ని గుర్తిస్తరు” అని కొడుకు అనును. “ఎంత పెద్దదైతే ఏంది బిడ్డా, మన కమాన్ కాడి గుంత తప్పుతదా?” అని తండ్రి అనును. ఈ సంభాషణము ఈ ప్రాంతమున నేడు ఎన్ని గడపలలోనో జరుగుచున్నది. అందు తండ్రి మాటకే నేను ఎక్కువ విలువ నిచ్చుచున్నాను.

కొడుకు కోరికను నిందించుటకు నేను ఈ వ్యాసము వ్రాయుట లేదు. తాతముత్తాతల కాలము నుండి దుమ్ములో నడిచిన వానికి మంచి బండి ఎక్కవలెనని ఉండుట న్యాయమైన కోరిక. అయితే గొప్ప పేరు గల బండి వేరు, గొప్పగా పరుగెత్తు బండి వేరు. రెండును ఒకచోట కలియుట కలదు, కలియకపోవుటయు కలదు. అరకోటి మొదలు కోటి రూపాయల దాకా వెచ్చింపగల వారు, ఆ సొమ్ముతో మెర్సిడెస్, ఔడీ, బీఎండబ్ల్యూ చిహ్నములు గల సాధారణ బండ్లనే గాక, అంతగా పేరులేని సంస్థలు ప్రాణము పెట్టి నిర్మించిన స్పోర్ట్స్ కార్లను కూడ పరిశీలింపదగునని చెప్పుటయే నా ఉద్దేశము.

పేరునకు ఎంత వెల పలుకునో మన నగర చరిత్రయే చెప్పుచున్నది. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ రోల్స్‌రాయిస్ వారికి ఒక పసుపుపచ్చ సిల్వర్ ఘోస్ట్ బండిని పురమాయించెను. లోపల సింహాసనము వంటి పీఠము అమర్చిన ఆ ‘థ్రోన్ కారు’ చేతికి రాకమునుపే, 1911లో, ఆయన పరమపదించెను. తరువాత అది ఉత్సవ సమయములందు తప్ప బయటకు రాక, కొన్ని వందల మైళ్లు మాత్రమే తిరిగినది. నేడు చౌమహల్లా ప్రాసాదమున దానిని చూడవచ్చును. అది చేతిపనిలో అద్భుతమైన వస్తువనుట నిజము. కాని అది ప్రయాణమునకై పుట్టినది కాదు, కూర్చుండి కనబడుటకై పుట్టినది. రాజునకు అది చెల్లును. ఆయన వలె దర్బారు తీర్పవలసిన పని మనకు లేదు గదా.

ఇక పేరు ఒకచోట, పని మరొకచోట ఉండుటకు ఉదాహరణము కావలెనన్న మనము సముద్రములు దాటి పోనక్కరలేదు. ఇబ్రహీంపట్నం మండలములోని ఆదిబట్లలో టాటా, బోయింగు సంస్థలు కలిసి నెలకొల్పిన కర్మాగారము 2018 మార్చి 1వ తేదీన ఆరంభమైనది. అపాచీ యుద్ధ హెలికాప్టరు దేహము, అనగా ఇంజను, రెక్కలు, ఆయుధములు తప్ప తక్కిన బొంది, అచ్చట తయారగుచున్నది. ఆ యేడు జూను నెలలోనే మొదటి దేహము అక్కడినుండి బయలుదేరెను. అమెరికా సైన్యపు పైలటు దానిని ఎక్కునప్పుడు అందు బోయింగు పేరే కనబడును. రేకునకు రేకు వెంట్రుకవాసి తేడా లేకుండ అతికి, రివెట్లు బిగించిన ఆదిబట్ల పనివాని పేరు ఎచ్చటను కనబడదు. కనబడకున్నను ఆ పైలటు ప్రాణము నిలుచునది ఆ పనితనము మీదనే. తమ ఊరి చేతిపని పరాయి పేరుతో ఆకాశమున ఎగురుట ఎరిగిన వారు, చిహ్నమును చూచి వస్తువును తూచరాదను సంగతిని ఇతరులకంటె ముందుగా గ్రహింపవలెను. నేను ఆ దారిన పోవునప్పుడెల్ల ఈ తలపు నాకు కలుగుచుండును.

స్పోర్ట్స్ కారు అనగా నేమో కొంత వివరింపవలెను. కేవలము ఎక్కువ వేగముతో పోవునది స్పోర్ట్స్ కారు కాదు. నిటారు దారిలో ఏ పెద్ద ఇంజనైనను వేగముగనే పోవును. బరువునకు తగిన బలము, బలమునకు తగిన బ్రేకులు, ఆ బ్రేకుల పట్టును నేలకు అందింపగల టైర్లు, మలుపులో ఒరగక దేహమును నేలకు అంటిపెట్టుకొని ఉంచు సస్పెన్షను, ఈ నాలుగును ఒకదానికొకటి తోడుగా అమరినదే స్పోర్ట్స్ కారు. బలమును అశ్వశక్తిలో కొలుతురు. అది బండి ఎంత వేగమును అందుకొనగలదో చెప్పును. టార్క్ అనునది చక్రమును తిప్పు బలము. అది బండి ఎంత పట్టుగా కదలగలదో చెప్పును. యాబై అశ్వశక్తుల ట్రాక్టరు బురదమడిలో కేజ్‌వీళ్లతో దమ్ము చేయుచుండగా, అంతకు ఎక్కువ అశ్వశక్తి గల చిన్న కారు అదే మడిలో కూరుకొనిపోవుటకు గల కారణములలో ఈ టార్క్ భేదము, దానిని పెంచు గేర్ల అమరిక కూడ చేరియున్నవి. పెట్రోలు ఇంజను తగినంత తిరిగిన పిమ్మట గాని పూర్తి బలము చూపదు. విద్యుత్తు మోటారు, కాడి మెడను తాకిన మొదటి అడుగుననే బలమంతయు వేయు మేలుజాతి ఎద్దు వలె, కదలిన క్షణముననే పూర్తి టార్క్‌ను ఇచ్చును. నేటి విద్యుత్తు బండ్లు వెనుకటి మహామహా రేసు కార్లను సైతము తొలి వంద గజములలో వెనుకకు నెట్టుట ఇందువలననే.

గొప్ప పేర్లను కేవల పనితనముతో ఎదిరించిన బండ్లలో నా మనసునకు మిక్కిలి దగ్గరైనది జపానువారి నిస్సాన్ జీటీ-ఆర్. నిస్సాన్ అనగా లోకమునకు చవుక బండ్లు చేయు సంస్థ. అట్టి సంస్థ 2007లో టోక్యో ప్రదర్శనమున ఈ బండిని చూపి, దాని వేగమును జర్మనీ పోర్షే 911 టర్బోతో పోల్చుడని సవాలు చేసినప్పుడు పలువురు నమ్మలేదు. గేరుపెట్టెను ఇంజను చెంత గాక వెనుక చక్రముల చెంత నిలిపి, ముందువెనుకల బరువును తగినట్లు పంచి, నాలుగు చక్రములకును బలము చేరునట్లు చేసిన ఆ బండి ఇంజనును, యోకోహామాలోని ఒక ప్రత్యేక గదిలో, ‘తకుమీ’ అనబడు నిపుణుడు ఒక్కడే మొదటినుండి చివరి వరకు తన చేతులతో కూర్చెడివాడు. కూర్చిన వాని పేరు చెక్కిన పలకను ఆ ఇంజనుపైననే బిగించెడివారు. సంస్థ చిహ్నముతో పాటు శిల్పి పేరును కూడ వస్తువుపై నిలిపిన ఆ మర్యాదకు నేను చేతులెత్తి నమస్కరింతును. 2008లో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ దారిని, ఇరువది కిలోమీటర్లకు పైబడి కొండమలుపులతో నిండిన దానిని, తమ బండి 7 నిమిషముల 29 సెకండ్లలో చుట్టినదని నిస్సాన్ ప్రకటింపగా, పోర్షేవారు విశ్వసింపక తామే ఒక జీటీ-ఆర్‌ను కొని నడిపి చూచి, మాకు అంత వేగము రాలేదనిరి. ఆ వివాదమున ఎవరిది సత్యమైనను కానిండు. పేరుమోసిన సంస్థ పేరులేని దాని నడకను స్వయముగా పరీక్షింపవలసి వచ్చుటయే ఆ బండికి దక్కిన గౌరవము. 2016 డిసెంబరులో అది మన దేశమునకు 570 అశ్వశక్తులతో, 1.99 కోట్ల రూపాయల వెలతో వచ్చెను. పదునెనిమిది సంవత్సరములలో దాదాపు 48,000 బండ్లు చేసిన పిమ్మట 2025 ఆగస్టులో దాని నిర్మాణము ముగిసెను.

నేడు గొప్పవని మనము తలచు పేర్లు కూడ ఒకప్పుడు ఇట్టి కొత్తపేర్లే. పోర్షే తొలి బండి 1948లో సామాన్యుని ఫోక్స్‌వ్యాగన్ భాగములతో పుట్టినది. ద్రాక్షతోటల రైతు ఇంట జన్మించిన ఫెరూచ్చో లాంబోర్గినీ, యుద్ధానంతరము మిగిలిపోయిన సైనిక యంత్ర భాగములతో ట్రాక్టర్లు చేసి ధనము గడించి, 1963లో స్పోర్ట్స్ కార్ల సంస్థ నెలకొల్పెను. తన ఫెరారీ బండి క్లచ్చు బాగులేదని ఎంజో ఫెరారీతో చెప్పబోయి తిరస్కృతుడైనందున ఆ పంతము పట్టెనని లోకమున ప్రచారము. ఆ ప్రచారపు నిజానిజము లెట్లున్నను, ట్రాక్టరు నుండి స్పోర్ట్స్ కారు పుట్టుట మాత్రము సత్యము. మన జహీరాబాదులో ట్రాక్టర్లు చేయు మహీంద్రా సంస్థయు అట్లే ఇటలీలోని పినిన్‌ఫరీనా శిల్పశాలను 2015లో సొంతము చేసుకొని, ఆ పేరుతో 1,900 అశ్వశక్తుల బత్తిస్తా అను విద్యుత్తు బండిని నిర్మించెను. అది రెండు సెకండ్లు నిండకమునుపే వంద కిలోమీటర్ల వేగము నందుకొనును. ట్రాక్టరు ఎక్కిన జాతికి ఇది పరాయి విద్య కాదు.

2023 ఫిబ్రవరి 11వ తేదీన హుస్సేన్‌సాగరము ఒడ్డున జరిగిన ఫార్ములా-ఈ విద్యుత్తు కార్ల పందెమును చూచిన వారికి, పేరు కంటె నడకయే ముఖ్యమను సత్యము ప్రత్యక్షముగనే కనబడినది. మన దేశమున జరిగిన మొదటి ఫార్ములా-ఈ పందెము అది. సచివాలయము, ఎన్టీఆర్ గార్డెన్ పరిసరములలో రెండు కిలోమీటర్ల ఎనిమిది వందల మీటర్ల దారిని పదునెనిమిది మలుపులతో సిద్ధపరచిరి. జాగ్వార్ అను మహాసంస్థ సొంత జట్టులోని రెండు బండ్లును ఒక మలుపున ఒకదానినొకటి ఢీకొని పందెము నుండి తొలగిపోగా, అదే జాగ్వార్ యంత్రమును వెలకు తెచ్చుకొన్న ఎన్విజన్ జట్టు బండి రెండవ స్థానమున నిలిచెను. డీఎస్ పెన్‌స్కీ బండిపై జాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను. జాగ్వార్, ఎన్విజన్ జట్లకు యంత్రము ఒక్కటే; నడిపిన తీరులో భేదము.

ఇక మన ఇబ్రహీంపట్నం కుర్రవానికి ఇటీవల ఏ బండ్లు అందుబాటులోనికి వచ్చినవో చూతము. 2025లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ 53 లక్షలకు, స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ 50 లక్షల దరిదాపునకు, రెండును విదేశములనుండి పూర్తిగా తయారై, కొద్ది సంఖ్యలో దిగుమతి అయినవి. స్కోడా కేవలము వంద బండ్లే. రెండును 265 అశ్వశక్తులు గలవే. నలుగురు కుటుంబ సభ్యులు కూర్చుండి పెండ్లికి పోవచ్చును, ఒంటరిగా శ్రీశైలము ఘాటు నెక్కవచ్చును. అదే ధరకు గొప్ప చిహ్నము గల బండ్లలో దొరకునది చాలవరకు వాటి క్రింది మెట్టు రూపములే, చిన్న ఇంజనుతో, పెద్ద తోలు సీట్లతో. నా వ్యక్తిగతమైన తీర్పు అడిగినచో, ఈ ధరలో ఆక్టేవియా వైపే నేను మొగ్గుదును. దాని డిక్కీలో రెండు బియ్యము బస్తాలు కూడ పట్టును గనుక.

అంతకు పై మెట్టున ఎంజీ సైబర్‌స్టర్ ఉన్నది. 1924 ప్రాంతమున ఇంగ్లండు ఆక్స్‌ఫర్డ్ నగరమున మోరిస్ గరాజెస్ అను దుకాణమున పుట్టిన ఈ పేరు ఇప్పుడు చైనావారి చేతిలోనిది. మన దేశమున జిందాల్ సంస్థ భాగస్వామ్యమున నడుచుచున్నది. పైకి లేచు తలుపులు, తెరచుకొను పైకప్పు, 510 అశ్వశక్తుల రెండు విద్యుత్తు మోటార్లు గల ఆ బండి 3.2 సెకండ్లలో వంద కిలోమీటర్ల వేగము నందుకొనును. 2025 జూలైలో దాని షోరూం వెల దాదాపు 75 లక్షలు. అప్పట్లో సుమారు రెండు కోట్లు పలికిన పోర్షే 911 కరేరాకు అదే వేగమునకు నాలుగు సెకండ్లు పట్టును. ఈ లెక్క చూపి పోర్షే ఓడినదని చాటుట మాత్రము అన్యాయము: సైబర్‌స్టర్ రెండు టన్నుల దరిదాపు బరువు గలది, పోర్షే అంతకు నాలుగు వందల కిలోలకు పైగా తేలికైనది, మలుపు మీద మలుపు వచ్చు దారిలో ఆ తేలికతనమునకు సాటి లేదు. నిటారుగా పరుగెత్తుట ఒక విద్య, ఒదిగి తిరుగుట మరియొక విద్య. కొనువాడు తనకు ఏది కావలెనో ముందు తేల్చుకొనవలెను.

పన్ను సంగతి కూడ చిన్నది కాదు. మన రాష్ట్రమున విద్యుత్తు కార్లకు 2024 నవంబరు 18 నుండి 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము పూర్తిగా మినహాయింపబడినవి. యాబై లక్షల పెట్రోలు బండికి లైఫ్ టాక్స్ క్రిందనే తొమ్మిది, పది లక్షలు చెల్లింపవలసి వచ్చుచుండగా, ఈ మినహాయింపు ఒక చిన్న కారు వెలతో సమానము. జీఎస్టీ విషయమునను విద్యుత్తు బండికి 5 శాతము, పెద్ద పెట్రోలు బండికి 40 శాతము. ఈ కారణముననే, స్పోర్ట్స్ కారు కాకపోయినను, 18.90 లక్షలకు ఆరంభమైన మహీంద్రా బీఈ-6ను కూడ నేను ఈ లెక్కలో చేర్చుచున్నాను. పెద్ద బ్యాటరీ గల రూపమున 280 అశ్వశక్తులకు పైగా బలము, నేలకు 207 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న ఆ బండికి మా పల్లె గతుకులు అడ్డు కావు.

పేరులేని గొప్ప బండితో కష్టములు లేవనుట అసత్యమగును. జీటీ-ఆర్ అమ్మిన కాలమున దాని మరమ్మతు కేంద్రము నోయిడాలో నుండెను. హైదరాబాదు యజమాని చిన్న లోపము వచ్చినను ఢిల్లీ వైపు చూడవలసి వచ్చెను. ఫోర్డ్ సంస్థ 2016లో 65 లక్షల ముస్టాంగును తెచ్చి ఎందరినో ఆనందపెట్టి, 2021లో మన దేశమున కార్ల నిర్మాణము మానుకొనుచున్నట్లు ప్రకటించెను. ట్రాక్టరు కొనునప్పుడు మన రైతు అడుగు మొదటి ప్రశ్న మెకానిక్ ఎక్కడ దొరుకునని. స్పోర్ట్స్ కారు కొనువాడును ఆ ప్రశ్ననే అడుగవలెను. తిరిగి అమ్మునప్పుడు చిహ్నము గల బండికి గిరాకి ఎక్కువ, లేనిదానికి తక్కువ. పదేండ్లు ఉంచుకొనదలచిన వానికి ఇది లోపము కాదు; రెండేండ్లకొకసారి మార్చు అలవాటు గలవాడు మాత్రము ఈ దారికి రాకుండుట మేలు.

సెకండ్‌హ్యాండు విదేశీ బండ్ల విషయమున మరింత మెలకువ వలయును. దిగుమతి సుంకము బండి వెలనే మించునట్లు ఉండుటచేత, దుబాయి, శ్రీలంకల మీదుగా తెచ్చి, స్టీరింగు వైపు మార్చి, తక్కువ ధర చూపి అమ్మిన బండ్ల వ్యవహారము 2025లో హైదరాబాదు వర్తకుని వరకు వచ్చినది. 2024 ఏప్రిల్‌లో మనకు చేరువనున్న మామిడిపల్లి దారిలో ఒక పాత లాంబోర్గినీని, అమ్మకపు లావాదేవీల తగాదాలో, పెట్రోలు పోసి తగులబెట్టిరి. దాదాపు కోటి విలువ గల బండి గడియలో బూడిదైనది. అట్టి బండి కొనువారు దాని సుంకపు పత్రములు మన్నెగూడ రవాణా కార్యాలయమున సరిచూపించుకొననిదే ఒక్క రూపాయి ఇయ్యరాదు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట. ఔటర్ రింగు రోడ్డుపై వేగపరిమితి 2023లో గంటకు 120 కిలోమీటర్లకు పెంచబడినది. మూడు సెకండ్లలో వంద దాటు బండి మరి ఒక్క సెకండులో ఆ పరిమితిని చేరును. అక్కడితో దాని బలమునకు చట్టప్రకారము అవకాశము ముగిసినది. 2011లో మూడు నాలుగు నెలల వ్యవధిలోనే ఇద్దరు ప్రముఖుల కుమారులను ఆ రోడ్డు బలిగొన్నది. ఆ తల్లిదండ్రుల దుఃఖమును ఈ రాష్ట్రమంతయు చూచినది. ఆ కుమారుల బండ్లు మంచివే. వేగము చూపదలచిన వానికి చెన్నై చెంత శ్రీపెరుంబుదూరు సమీపమున 1990 నుండి రేసు ట్రాక్ కలదు. శిరస్త్రాణము ధరించి, గురువును ప్రక్కన కూర్చుండబెట్టుకొని, అక్కడ ఒక దినము నడిపినవాడు జన్మమంతయు జాగ్రత్తగా నడుపును. మన ప్రాంతమునకును అట్టి శాశ్వతమైన దారి వలయునని నాకు తోచుచున్నది. ఇన్ని ఇంజనీరింగు కళాశాలలు, ఇన్ని విమాన కర్మాగారములు, ఇంత మెట్టభూమి గల ఇబ్రహీంపట్నం ప్రాంతముననే అది వెలయదగును. ప్రభుత్వమువారు ఈ విన్నపమును ఆలకింతురు గాక.

ఈలోపల కొనదలచిన తమ్ములు టోకెను ఇచ్చుటకు ముందు ఒక పని చేయుడు. టెస్ట్ డ్రైవు బండిని షోరూము చుట్టు గాక మీ ఊరికి తెమ్మని అడుగుడు. తండ్రిని ముందు సీటులో, తల్లిని వెనుక సీటులో కూర్చుండబెట్టుకొని, కమాను దగ్గరి గుంత మీదుగా, బడి ముందటి స్పీడ్ బ్రేకరు మీదుగా ఒకమారు నెమ్మదిగా నడిపి చూడుడు. అడుగుభాగము నేలను తాకినను, వెనుక కూర్చున్న తల్లి నడుము పట్టుకొన్నను, ఆ బండి చిహ్నమెంత గొప్పదైనను దానిని తిరిగి పంపివేయుడు.